ఎక్కడైనా ఆడేవాడు

సోమవారం సాయంత్రం మిల్లు కూత పడగానే హెదర్‌క్లఫ్ మగాళ్ళలో సగం మంది ఇళ్ళకి పోకుండా మంగలి గ్రిమ్‌షా కొట్టు ముందు పోగయ్యారు. శనివారం కౌంటీ కప్పు ఫైనల్. ఆడే పదకొండుగురి పేర్లూ ఆ కొట్టు అద్దానికి లోపలివైపు నుంచి అంటిస్తారు. లోపలివైపే ఎందుకయ్యా అంటే, వెనకోసారి బయట అంటిస్తే ఎవరో పుణ్యాత్ముడు గోల్‌కీపరు పేరు కొట్టేసి చర్చి పాదిరిగారి పేరు రాసిపోయాడు. పాదిరిగారు కోప్పడలేదు సరికదా, ఆట ఎన్నింటికని అడిగాడట.

హైరమ్ క్లెగ్ అందరికన్నా ఆఖర్న వచ్చాడు. అతను మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. కూత పడ్డాక కూడా ఏదో ఒక మగ్గం అతని కోసం మొరాయిస్తూనే ఉంటుంది. చేతులకి నూనె, మీసానికి దూది, కాళ్ళకి చెక్క జోళ్ళు. రాళ్ళ వీధిలో ఆ జోళ్ళ చప్పుడు వినగానే గుంపు తనంతట తనే పాయలా విడిపోయి దారిచ్చింది. ఎవరూ భుజం తట్టలేదు. ఎవరూ ఎకసెక్కం ఆడలేదు. హెదర్‌క్లఫ్ జనం మర్యాదగా తప్పుకున్నారంటే వచ్చేది శవపేటికైనా అయ్యుండాలి, ఇలాంటిదైనా అయ్యుండాలి.

పేర్లు పై నుంచి చదువుకుంటూ వచ్చాడు. గోల్‌లో పికల్స్. ఎడమ హాఫ్‌లో, అంటే మైదానం మధ్యలో ఎడమవైపు, జెత్రో హోల్డెన్. పదకొండూ అయిపోయాక కాస్త కిందగా, సిరా చాలక కలం విదిలించి రాసినట్టు, ‘అదనం: క్లెగ్’.

ఈ ఫైనల్ దాకా జట్టుని మోసుకొచ్చినవాళ్ళలో హైరమ్ లేడంటే హెదర్‌క్లఫ్‌లో కుక్కలు కూడా ఒప్పుకోవు. మొదటి రౌండులో ఎడమ బ్యాకుకి గవదబిళ్ళలు వస్తే హైరమ్ బ్యాకు. రెండో రౌండులో కుడి వింగరు పెళ్ళికని పోయి మూడు రోజులు మత్తు దిగక రాకపోతే హైరమ్ వింగరు, గోలు కూడా కొట్టాడు. మూడో రౌండులో పికల్స్ వేలు విరిగితే హైరమ్ గోల్‌కీపరు. సెమీఫైనల్లో జెత్రోకి జ్వరమొస్తే హైరమ్ ఎడమ హాఫ్. ఊళ్ళో అతన్ని గొడుగు అంటారు. వాన పడితే ఇంటిల్లిపాదీ వెతుకుతారు, తెరిపిస్తే తలుపు వెనక పారేస్తారు.

ఇప్పుడు అందరూ కోలుకున్నారు. వేలు అతుక్కుంది, గవదలు తగ్గాయి, పెళ్ళికొడుక్కి మత్తు దిగింది.

హైరమ్ తలుపు తోసుకుని కొట్టులోకి వెళ్ళాడు. కుర్చీలో జట్టు కార్యదర్శి ఆగ్డెన్ కూర్చుని ఉన్నాడు. మొహం నిండా సబ్బు నురగ, మెడ చుట్టూ గుడ్డ, గొంతు మీద గ్రిమ్‌షా కత్తి. పారిపోదామన్నా వీల్లేని స్థితి. అందరి బాధలూ వినడానికి ఆయనకి ఇంతకన్నా మంచి సమయం ఉండదు.

“ఎందుకు తీసేశారండీ?” అన్నాడు హైరమ్, టోపీ చేత్తో పట్టుకుని.

“తియ్యలేదయ్యా. దాచుకున్నాం” అన్నాడు ఆగ్డెన్ నురగలోంచి. “నువ్వే ఆలోచించు. నిన్ను పదకొండుగురిలో పెట్టామనుకో. శనివారం పొద్దున్న ఎవడికో కాలు పట్టేసిందనుకో. వాడి బదులు ఎవణ్ణి దింపాలి?”

“నన్ను.”

“నువ్వు అప్పటికే ఆడుతుంటివి కదా!”

గ్రిమ్‌షా కత్తి గాల్లో ఆగిపోయింది. “మాట పాయింటే సుమా” అన్నాడు మెచ్చుకోలుగా.

“మిగతావాళ్ళకి పాపం తలా ఒక్క చోటే వచ్చు” అన్నాడు ఆగ్డెన్. “అక్కడ ఆడించకపోతే ఎందుకూ కొరగారు. నీకేమయ్యా, మహరాజువి. ఎక్కడైనా ఆడతావు.”

“సెమీఫైనల్లో ఎలా ఆడానండీ?”

ఆగ్డెన్ అద్దంలో హైరమ్ కళ్ళు తప్పించుకుని సబ్బు గిన్నె వైపు చూశాడు. “ఆ చోట అంతకన్నా బాగా ఈ కౌంటీలో ఎవడూ ఆడడు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఆ చోటు జెత్రోది. జ్వరం తగ్గినవాణ్ణి తీసేస్తే వాడేమనుకుంటాడు?”

“నేనేమనుకుంటానో?”

“నువ్వు సర్దుకుంటావు హైరమ్. నీ మంచితనం నాకు తెలీదా?”

గెలిచినా ఓడినా పతకాలు పదకొండే ఇస్తారు. హైరమ్‌కి ముప్ఫై నాలుగు వెళ్ళాయి. వచ్చే ఏటికి జట్టులో ఉంచుకోబోమని ముందే చెప్పేశారు. ఈ ఫైనల్ ఆడితే ఆడినట్టు, లేకపోతే ఇక లేనట్టే. “వస్తానండీ” అని టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. గుంపు మళ్ళీ దారిచ్చింది.

*

మంగళవారం పొద్దున్న పన్నెండుగురూ రైలెక్కి సాండ్‌హోమ్ సముద్రతీరానికి వెళ్ళారు. ఫైనల్ ముందు జట్టుకి సముద్రపు గాలి తగలాలని ఆగ్డెన్ పట్టు. ఆయన వదినగారికి అక్కడ భోజనాలతో కూడిన బస ఉండటం, ఏప్రిల్లో అందులో ఈగ కూడా దిగకపోవడం వేరే సంగతి. ఇల్లంతా ఉడికిన క్యాబేజీ వాసన. పరుపుల్లో గడ్డి, గడ్డిలో ఇసక.

కసరత్తు చేయించేవాడు సెత్ బెంథమ్. అరవై ఏళ్ళవాడు, ఎద్దులాంటి మెడ. పొద్దున్నే పచ్చి గుడ్డు, చన్నీళ్ళ స్నానం, తర్వాత తడి ఇసక మీద ఆరు మైళ్ళ నడక, తాడాట, మళ్ళీ నడక. బంతి మాత్రం ఇనప్పెట్టెలో పెట్టి తాళంచెవి మెళ్ళో వేసుకుంటాడు. వారమంతా బంతి కంటపడకపోతే శనివారం నాటికి ఆవురావురుమంటూ మీద పడతారని అతని నమ్మకం. అతని నమ్మకమే కాదు, ఆ రోజుల్లో ఏ ఊరి జట్టులో చూసినా ఇదే వేదం.

“సెత్, ఒక్కసారి పెట్టె తెరిచి వాసనైనా చూడనియ్యవయ్యా” అన్నాడు గోల్‌కీపరు పికల్స్. “బంతి గుండ్రంగా ఉంటుందో పలకలుగా ఉంటుందో మర్చిపోయాను.”

“నువ్వు ఆడేది చూస్తే ఎప్పుడో మర్చిపోయావనుకున్నా. నడువ్.”

బుధవారం సాయంత్రం టీలయ్యాక బయట వాన. ఏమీ తోచక “హైరమ్, నడకలు చూపించవోయ్” అన్నారు. ఈ విద్య హైరమ్‌కి పెట్టింది పేరు. ఎవరి నడక కావాలంటే వాళ్ళ నడక నడుస్తాడు. కుర్చీలు గోడకి జరిపారు. హైరమ్ మెడ భుజాల్లోకి దించి, చేతులు దూరంగా పెట్టి రెండడుగులు వేసేసరికి సెత్ బెంథమే లేచి నడుస్తున్నట్టయింది. సెత్ తప్ప అందరూ పడి నవ్వారు. పొట్ట ముందు, తను వెనక వచ్చాడు: ఆగ్డెన్. లేని పావురాన్ని చూసి ఉలిక్కిపడుతూ నడిచాడు: పావురాలంటే హడలిపోయే పికల్స్.

మైదానంలోనూ అతనిది ఇదే పద్ధతి. బ్యాకు చోట నిలబెడితే ఆ బ్యాకులాగే బంతిని గుడ్డిగా దూరంగా బాదుతాడు, పక్కవాళ్ళకి అలవాటు తప్పకూడదని. వింగులో పెడితే వింగరులాగే కుడికాలితో ఆశపెట్టి ఎడమకాలితో పోతాడు. గోల్‌లో బంతిని పట్టుకోడు, పికల్స్‌లాగే రెండు పిడికిళ్ళతో గుద్దుతాడు. చూసేవాళ్ళకి మనిషి మారిన సంగతే తెలీదు. అదే అతని గొప్ప, అదే అతని కొంప ముంచింది. ఒక్క ఎడమ హాఫ్‌లోనే అతను ఎవరిలాగా ఆడలేదు. సెమీఫైనల్లో ఆ చోట నిలబడగానే ఒంట్లోంచి ఇంకో మనిషి లేచాడు. పరిగెత్తలేదు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉన్నాడు. వచ్చినదాన్ని కాలి పక్కతో ఆపి, ముందున్నవాడి కాళ్ళ దగ్గరికి నేల మీదే, ఇస్త్రీ చేసినట్టు పంపాడు. తొంభై నిమిషాలూ ఒక్కసారి కూడా అరవలేదు, కింద పడలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే బట్టలకి బురదే లేదు.

“జెత్రోని చెయ్యి! జెత్రోని!” అని కేకలేశారు.

జెత్రో హోల్డెన్ బొగ్గు గనిలో పనివాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి, ఒంటెలా పొడుగు. హైరమ్ ఛాతీ విరుచుకుని, పొద్దున్న ఇసక మీద జెత్రో నడిచినట్టు బారలు వేసుకుంటూ గది చివరిదాకా వెళ్ళాడు. నడకలో, సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన కొసన అందరూ వెనక్కి తిరిగినప్పుడు జెత్రో తిరిగినట్టే తిరిగాడు. అందరూ ఒక్క మడమ మీద తిరుగుతారు. జెత్రో నాలుగు చిన్న అడుగులు వేసి, బండి తిప్పినట్టు చుట్టూ తిరుగుతాడు. హైరమ్ అలాగే చేశాడు. గది నవ్వులతో అదిరిపోయింది.

నవ్వుల మధ్యలో హైరమ్‌కి తన ఎడమ మోకాలు తెలిసొచ్చింది. తనకేమీ నొప్పిలేదు. కానీ అలా ఎందుకు తిరగాలో కాలికి అర్థమైంది. ఎడమ మోకాలి మీద బరువు వేసి మెలి తిప్పలేనివాడే అలా తిరుగుతాడు. తలెత్తి చూస్తే జెత్రో నవ్వడం లేదు. మొహం సున్నం కొట్టినట్టుంది.

మర్నాడు నడకలో అందరూ ముందుకి పోయాక జెత్రో వెనకబడి హైరమ్ పక్కన చేరాడు.

“అన్నా, నిన్న ఎందుకలా చేశావ్?”

“చూపించు” అన్నాడు హైరమ్.

పడవ చాటున కూర్చుని జెత్రో మేజోడు దించాడు. మోకాలికి బాతు కొవ్వు రాసి, పాత ఫ్లానెల్ గుడ్డ చుట్టి ఉంది. హైరమ్ గుడ్డ విప్పి వేళ్ళతో మోకాలి రెండు పక్కలా ఒత్తి చూశాడు. అరిగిపోయిన మగ్గం కీలు చేతిలో కదిలినట్టు కదిలింది.

“ఎప్పుడు?”

“పది రోజులైంది. గనిలో బొగ్గు తొట్టి వచ్చి గుద్దింది. తిన్నగా నడిస్తే ఏమీ లేదన్నా, ఒట్టు. తిరిగితేనే. సెత్ మనల్ని తిన్నగానే నడిపిస్తున్నాడు, నా అదృష్టం.”

“శనివారం సెత్ నడిపించడు రా. వాళ్ళ వింగరు నడిపిస్తాడు.”

“గట్టిగా కట్టుకుంటా. ఒక్క తొంభై నిమిషాలు.” జెత్రో ఇసకలోంచి గవ్వ తీసి విసిరాడు. “మా ఆవిడ లెటీ పక్క వీధివాళ్ళందరికీ చెప్పేసింది. మా గనిలో ఇంతవరకూ ఎవడికీ పతకం రాలేదు. చెప్పేస్తావా?”

హైరమ్ గుడ్డ మళ్ళీ చుట్టాడు. తను చుట్టేటప్పుడు కాస్త వదులు వదిలి, మోకాలి కింద అడ్డంగా బిగించాడు, అలా అయితే కాస్త ఆనుతుందని. “నువ్వే సెత్‌కి చెప్పుకో.”

“నేను చెప్పను.”

“అయితే నాకేం తెలీదు” అన్నాడు హైరమ్.

జెత్రో అతని చెయ్యి పట్టుకుని ఒక్క నిమిషం వదల్లేదు.

శుక్రవారం పొద్దున్న పెరట్లో సెత్ బూట్లకి కొవ్వు రాస్తున్నాడు. హైరమ్ అరుగు మీద కూర్చుని అడుగున మేకులు సరిచూస్తున్నాడు. సెత్ తలెత్తకుండానే అడిగాడు:

“ఒరేయ్ హైరమ్. నీ కళ్ళకి అన్నీ కనిపిస్తాయి. అందరూ సరిగ్గానే ఉన్నారా?”

నోట్లో మాట తయారుగా ఉంది. ‘జెత్రో మోకాలు చూడు.’ అంతే. ఆ మూడు ముక్కలు అంటే రేపు తను ఎడమ హాఫ్. పతకం తనది, జెత్రో కాలు జెత్రోకి మిగులుతుంది. ఎవరికీ నష్టం లేని మాట.

కానీ ఆ మాట వెనకే మంగలి కుర్చీలో నురగ మొహం కనిపించింది. నువ్వు సర్దుకుంటావు హైరమ్. మళ్ళీ ఎవడిదో కాలు చెడితేనా తనకి చోటు? మళ్ళీ తలుపు వెనక నుంచి లాగి, దులిపి, తెరుస్తారా? ఈసారి తడవనీ. ఆటలో మధ్యలో జెత్రో కుంటుతుంటే, గట్టు మీద జనం ‘క్లెగ్ ఏడీ’ అని కేకలేస్తుంటే, ఆగ్డెన్ తన వైపు తిరిగి చూస్తే ఎలా ఉంటుందో హైరమ్‌కి కళ్ళకి కట్టింది. ఆట మొదలయ్యాక మనిషిని మార్చడం అప్పటి రూలు ప్రకారం కుదరదు. కోటు గుండీలు పెట్టుకుని కూర్చుని, చేతులు చాపి, ‘ఏం చెయ్యనండీ’ అంటాడు. ఆ ఊహ నాలిక మీద బెల్లంముక్కలా కరిగింది.

“అందరూ భేషుగ్గా ఉన్నారు” అన్నాడు.

“పోన్లే” అన్నాడు సెత్. “నువ్వు చెప్పావంటే చాలు.”

*

ఫైనల్లో ఎదుటి జట్టు బ్రాక్‌లీ. తెల్ల చొక్కాలు. వాళ్ళ కుడి వింగరు పొట్టివాడు, ఎర్ర జుట్టు, వేడి పెనం మీద నిలబడ్డట్టు ఒక్కచోట కాలు నిలవదు. అతన్ని ఆపాల్సింది జెత్రోయే.

హైరమ్ సెత్ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. లోపల జట్టు చొక్కా, పైన కోటు. మొదటి అరగంట జెత్రో బ్రహ్మాండంగా ఆడాడు. పొడుగు కాళ్ళతో తిన్నగా దూసుకొచ్చి పొట్టివాడి కాళ్ళ దగ్గర బంతిని ఊడబెరికాడు. హెదర్‌క్లఫ్ గోలు కొట్టింది. గట్టు మీద టోపీలు ఎగిరాయి. హైరమ్ కూడా లేచి అరిచాడు. ఏమీ కాదేమో అనిపించింది. కట్టు నిలిచిందేమో. అలా అనిపించగానే గుండెల్లోంచి ఏదో బరువు దిగింది, దాంతోపాటే ఏదో చేదు కూడా తగిలింది, ఆ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో అతనికి అర్థం కాలేదు.

నలభయ్యో నిమిషంలో పొట్టివాడు లోపలికి వస్తున్నట్టు వచ్చి పక్క గీత వైపు మళ్ళాడు. జెత్రో అతని వెనక తిరిగాడు. నాలుగు చిన్న అడుగులకి వ్యవధి లేదు. ఒక్క మడమ మీద తిరిగాడు.

బల్ల దాకా ఆ చప్పుడు వినపడలేదు, కానీ హైరమ్ ఎడమ చెయ్యి తన మోకాలి మీదికి పోయింది.

జెత్రోని మోసుకొచ్చి బల్ల పక్కన పడుకోబెట్టారు. పెదవి కొరికి రక్తం వస్తోంది. పది మందితో ఆడుతుంటే ఎడమ వైపు గుమ్మం తెరిచిన ఇల్లులా ఉంది. ఇక్కడ ఒక్క అడుగు వెనక్కి, ఇప్పుడు లోపలికి, ఇప్పుడు ఆగు, వాణ్ణి గీత వైపే పోనీ. బల్ల మీద కూర్చున్న హైరమ్ కాళ్ళు నేల మీద వాటంతటవే జరుగుతున్నాయి. బ్రాక్‌లీ ఆ గుమ్మంలోంచే వచ్చి గోలు కొట్టింది.

“గొడుగు ఏడీ? గొడుగుని దింపండ్రా!” గట్టు మీద కేకలు మొదలయ్యాయి. అనుకున్నట్టే. ఆగ్డెన్ పై వరుసలోంచి దిగి వచ్చి హైరమ్ వైపు చూశాడు. అది కూడా అనుకున్నట్టే. హైరమ్ చేతులు చాపలేదు. ఆ చూపుని ఎదుర్కోలేక బూట్ల తాళ్ళు సరిచేసుకున్నాడు.

విరామంలో ఆగ్డెన్ సెత్‌తో అన్నాడు: “పది మందితో కుదరదయ్యా. జెత్రోని వింగులో గీత పక్కన ఊరికే నిలబడనీ. వాడి మీద వాళ్ళు ఒక మనిషిని కాపలా పెట్టాలి కదా, అదే చాలు.” ఎక్కడైనా చేసేదే. కాలు విరిగినవాణ్ణి కూడా గీత పక్కన దిష్టిబొమ్మలా నిలబెడతారు.

“నేను వెళ్తాను” అన్నాడు జెత్రో పడుకునే.

సెత్ కట్టు బిగిస్తున్నాడు. హైరమ్ వంగి అతని భుజం పట్టుకున్నాడు. “పంపకు సెత్. కాలు పోతుంది.”

“నీకెలా తెలుసు?”

హైరమ్ నోరు తెరిచాడు. సెత్ ఎదురు చూశాడు. నిన్న పెరట్లో అడిగినప్పటికన్నా ఎక్కువసేపు చూశాడు. ఆగ్డెన్ కూడా చూశాడు. పడుకున్న జెత్రో తల కొద్దిగా అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

“ఊరికే... చూస్తే అనిపించింది” అన్నాడు హైరమ్.

“అనిపించిందట” అన్నాడు సెత్, ముడి వేసి. “లే బాబూ.”

జెత్రో గీత పక్కన ఒంటికాలి కొంగలా నిలబడ్డాడు. ఇంకో పన్నెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా బంతి దొర్లుకుంటూ అతని దగ్గరికే వచ్చింది. వదిలేయొచ్చు. అతను వదల్లేదు. వారమంతా బంతి చూడనివాడు కదా. ఎడమకాలి మీద నిలబడి కుడికాలితో కొట్టబోయాడు, బ్రాక్‌లీ బ్యాకు వచ్చి మీద పడ్డాడు. ఈసారి గట్టు మీది జనం మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకున్నారు.

రెండు ఒకటితో ఓడిపోయారు. ఓడినవాళ్ళ పతకాలు పదకొండు ఇచ్చారు. జెత్రోది సెత్ జేబులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

*

మళ్ళీ సోమవారం గ్రిమ్‌షా అద్దంలో కొత్త కాగితం. శనివారం ఈ ఏటికి ఆఖరి ఆట. ‘ఎడమ హాఫ్: క్లెగ్.’ ఈసారి గుంపు దారివ్వలేదు. తోసుకున్నారు, భుజాలు తట్టారు.

“నీ చోటు నీకొచ్చింది గొడుగూ!”

“మొన్ననే పెట్టుంటే కప్పు మంగలి కొట్టులో ఉండేది. ఆ ఆగ్డెన్‌కి గడ్డం కాదు, తలకాయ గీయాలి.”

కొట్టులోంచి ఆగ్డెన్ వచ్చి అందరి ముందూ హైరమ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. “తప్పు నాదేనయ్యా” అన్నాడు. నిజంగానే కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. హైరమ్ చెయ్యి విడిపించుకుని జెత్రో ఇంటి దారి పట్టాడు.

జెత్రోని వంటింట్లోనే, పొయ్యి పక్క మంచం వేసి పడుకోబెట్టారు. కాలికి రెండు పక్కలా చెక్కలు. లెటీ బల్ల మీద రొట్టె పిండి పిసుకుతోంది. చిన్న మనిషి, మోచేతుల దాకా పిండి.

“రా అన్నా!” అన్నాడు జెత్రో. “లెటీ, కుర్చీ వెయ్యి. టీ పొయ్యి. ఈయనకి పొయ్యకపోతే ఇంకెవరికి పోస్తావ్?”

లెటీ చేతులు తుడుచుకుని కుర్చీ లాగింది. పువ్వులున్న మంచి కప్పు తీసి టీ పోసింది, అడక్కుండానే రెండు చెంచాల చక్కెర వేసింది. “ఆయన రోజూ మీ గురించే చెప్తున్నారండీ” అంది.

“డాక్టరేమన్నాడు?” అన్నాడు హైరమ్.

“అతుక్కుంటుందట. వంగదట.” జెత్రో పైకప్పు చూస్తూ అన్నాడు. “వంగని మోకాలితో గనిలోకి ఎలా పోతాను? బొగ్గు తవ్వేది మోకాళ్ళ మీదే కదా. పైన బొగ్గులో రాళ్ళు ఏరే పని ఇస్తారేమో, ఆడవాళ్ళ పక్కన. లెటీకి అసూయగా ఉంది.”

“చాల్లే” అంది లెటీ, పిండి తిరగేస్తూ.

“నీకు ముందే తెలుసని ఈవిడకి చెప్పేశానన్నా. ఇంకెవడైనా అయితే పోయి చెప్పేసి నా చోటు కొట్టేసేవాడు. పతకం వచ్చేది, అందరి దగ్గరా మంచివాడనిపించుకునేవాడు కూడా. నువ్వు నోరు మెదపలేదు. ఈ రోజుల్లో ఎవడు చేస్తాడు?”

హైరమ్ టీ తాగలేదు. కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

“చెప్పాల్సింది” అన్నాడు.

“ఊరుకో.”

“నీ కోసం మానలేదు జెత్రో. విను. సెత్ నన్ను అడిగాడు. శుక్రవారం పొద్దున్నే, మొహం మీదే అడిగాడు. అప్పుడు నువ్వు నాకు గుర్తే లేవు. నేను లేకపోతే వాళ్ళ గతేంటో చూడాలని నోరు మూసుకున్నా. నీ కాలు మధ్యలో పోతుందని తెలుసు. పోవాలనే కూర్చున్నా.”

లెటీ చేతులు పిండిలో ఆగిపోయాయి.

జెత్రో అతని మొహంలోకి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. “చూశావా లెటీ? నేను చెప్పలా? మంచివాడివయ్యా అంటే ఒప్పుకోడు. ఎంత మాట చెప్తున్నాడో చూడు, నేను బాధపడకూడదని! విరామంలో నన్ను పంపొద్దని సెత్ భుజం పట్టుకున్నదెవరు? నా కళ్ళారా చూశాను. పోనీ, నా మోకాలికి కట్టు కట్టిందెవరు?”

“నిజం జెత్రో.”

“నిజంలే, నిజంలే. పెద్ద దొంగవి నువ్వు.”

లెటీ నవ్వలేదు. హైరమ్ వైపు తిరిగి, మంగలి కొట్టు అద్దంలో కాగితం చదివినట్టు, పై నుంచి కింద దాకా ఒకసారి చూసింది. చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. వచ్చి అతని చేతుల మధ్య నుంచి పువ్వుల కప్పు తీసుకుంది.

“చల్లారిపోయింది” అంది. తొట్టిలో ఒంపేసి, కప్పు కడిగి, పైన అరలో పెట్టేసింది. మళ్ళీ పొయ్యలేదు.

జెత్రో అదేమీ చూడలేదు. మంచం పక్కనున్న స్టూలు మీది సామాను ఉత్సాహంగా సర్దుతున్నాడు. మందు సీసా ఒక కొసన, రెండు చెంచాలు దాని ముందు. “శనివారం వాళ్ళ వింగరు పరుగుపోతు. వాడికి ఎదురుపోకు, నేనదే తప్పు చేశా. ఇటు చూడు, ఇది మన గోలు. ఇది మన బ్యాకు.” అటూ ఇటూ వెతికి, ఉప్పు డబ్బా అందుకుని ఎడమ వైపు మధ్యలో గట్టిగా నిలబెట్టాడు.

“ఇది నువ్వు” అన్నాడు. “ఈ చోటు ఇక నీదే. ఇక్కణ్ణించి కదలకు.”